ఆగస్టు 2 మధ్యాహ్నం మీరు ఎక్కడ నిలబడతారు?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి): 2027 ఆగస్టు 2న వచ్చే సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఈజిప్టు వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఏడేళ్ల పాప, మా నాన్న. నాన్నకు అరవై ఎనిమిదేళ్లు, షుగర్ ఉంది. హైదరాబాద్‌లో ఒక ట్రావెల్ ఏజెంటు ఎనిమిది రోజుల ప్యాకేజీ చెప్పాడు. గ్రహణం రోజు కైరోలో పిరమిడ్ల దగ్గర ఉంచుతాడట. అక్కడ కూడా సూర్యుడు చాలావరకు కప్పేస్తాడు, పెద్ద తేడా ఉండదు అంటున్నాడు. నిజమేనా సార్? ఆరు నిమిషాల కోసం ఇంత డబ్బు పెట్టడం పిచ్చితనమా? అమ్మ అయితే గ్రహణం పూట గడప దాటడమే వద్దంటోంది.

జవాబు:

ఆ ప్యాకేజీకి మాత్రం అడ్వాన్సు ఇవ్వకండి. కైరో గ్రహణ మార్గంలో లేదు. పిరమిడ్లూ లేవు. చంద్రుడి ముదురు నీడ ఆ రోజు దక్షిణ స్పెయిన్, జిబ్రాల్టర్, మొరాకో ఉత్తర కొస మీదుగా వచ్చి అల్జీరియా, ట్యునీషియా, లిబియా దాటి ఈజిప్టు మధ్యలోకి వస్తుంది. అక్కడ లక్సర్ ఊరి మీదుగా వెళ్లి, ఎర్రసముద్రం దాటి సౌదీలో జెద్దా, మక్కాల మీద నడిచి, యెమెన్, సోమాలియా వైపు పోతుంది. ఈ పట్టీ వెడల్పు ఈజిప్టులో సుమారు 258 కిలోమీటర్లు. కైరో దీనికి చాలా ఉత్తరాన ఉంది. అక్కడ కనిపించేది పాక్షిక గ్రహణమే.

“పెద్ద తేడా ఉండదు” అన్న మాట దగ్గరే చాలామంది మోసపోతారు, ఏజెంటు ఒక్కడే కాదు. తేడా ఎంతో లెక్క చెబుతాను. సూర్యుడి వెలుగు పున్నమి చంద్రుడి వెలుగుకు సుమారు నాలుగు లక్షల రెట్లు. 99 శాతం కప్పేసి ఒక్క శాతం మిగిలిందనుకోండి, ఆ ఒక్క శాతమే నాలుగు వేల పున్నముల వెలుగు. మనం చూడటానికి వెళ్లే కరోనా, అంటే సూర్యుడి చుట్టూ తెల్లగా పరుచుకునే ఆ వాతావరణం, వెలుగులో సుమారుగా ఒక పున్నమికి అటూ ఇటూ ఉంటుంది. నాలుగు వేల పున్నముల పక్కన ఒక పున్నమి కనబడుతుందా? కనబడదు. అందుకే 99 శాతం దగ్గర ఆగిపోవడమంటే సాగర్ గేట్లు ఎత్తిన రోజు హాలియా దాకా పోయి టీ తాగి వెనక్కి వచ్చినట్టే. నీళ్లు దూకే చోటు ఇంకా ముందుంది.

2024 ఏప్రిల్ 8న అమెరికాలో ఇదే జరిగింది. డాలస్ మొత్తం మార్గం లోపలే ఉంది. శాన్ ఆంటోనియో నగరం మాత్రం సగం లోపల, సగం బయట. ఒకే ఊళ్లో, ఒక వైపు ఇళ్లవాళ్లు పట్టపగలు చీకటి పడటం చూస్తే, ఇంకో వైపు వాళ్లు “కాస్త మసకేసింది” అని లోపలికి పోయారు. అక్కడ ఉన్న మనవాళ్లు చాలామంది ఆఫీసుకు సెలవు పెట్టడం ఎందుకని గీత బయటే ఉండిపోయారు. గంట కారు నడిపితే సరిపోయేది.

కాబట్టి ఏ ఏజెంటు వచ్చినా, ఎంత తక్కువ చెప్పినా, మీరు అడగాల్సింది ఒక్కటే: ఆగస్టు 2 మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా మేం ఏ ఊళ్లో, ఏ చోట నిలబడతాం? కాగితం మీద రాసి ఇవ్వమనండి. తర్వాత ఆ చోటును మ్యాప్‌లో మీరే చూసుకోండి. జేవియర్ జూబియే అనే ఫ్రెంచాయన తయారుచేసిన గ్రహణ మ్యాప్ ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది. ఊరి మీద నొక్కితే ఆ చోట ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకన్లు, సూర్యుడు ఎంత ఎత్తులో ఉంటాడు అన్నీ చెబుతుంది. మార్గం అంచులు చూపే రెండు గీతల మధ్య మీ హోటల్ లేకపోతే ఇక మాట్లాడే పనే లేదు.

ఈజిప్టులో ఇంకో రెండు ఉచ్చులున్నాయి. ఒకటి నైలు పడవ ప్రయాణం. లక్సర్‌కీ అస్వాన్‌కీ మధ్య మూడు నాలుగు రాత్రుల క్రూయిజ్ పడవలు తిరుగుతుంటాయి. ప్యాకేజీల్లో ఇది తప్పనిసరిగా ఉంటుంది, నిజంగా బాగుంటుంది కూడా. కానీ అస్వాన్ గ్రహణ మార్గానికి దక్షిణాన, బయట ఉంది. ఆ రోజు మధ్యాహ్నం పడవ అస్వాన్ రేవులో కట్టేసి ఉంటే మీరు అంత దూరం పోయి పాక్షిక గ్రహణం చూసి వస్తారు. రెండోది హుర్గాదా. ఎర్రసముద్రం ఒడ్డున బీచ్ ఊరు, హోటళ్లు దండిగా, చవకగా ఉంటాయి. “హుర్గాదాలో ఉండి చూద్దాం” అంటారు. అదీ బయటే. అక్కడ బస చేసి గ్రహణం రోజు తెల్లవారుజామున బస్సులో లక్సర్ పోవడం కుదురుతుంది, నాలుగు గంటల పైచిలుకు దారి. కానీ అదే ఆలోచన వేల మందికి వస్తుంది. దారిలో చెక్‌పోస్టులు, ట్రాఫిక్. షుగర్ ఉన్న మనిషిని పెట్టుకుని ఆ టెన్షన్ మీకెందుకు? లక్సర్‌లోనే ఉండండి.

లక్సరే ఎందుకంటే నిమిషాల వల్ల కాదు, మబ్బు బెడద లేనందువల్ల. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే గ్రహణ ప్రయాణంలో డబ్బంతా మునిగేది ఇక్కడే.

2009 జూలై 22 గ్రహణం మన దేశం మీదుగానే వెళ్లింది. సూరత్, భోపాల్, వారణాసి, పట్నా. బీహార్‌లో తారేగనా అని పట్నా దగ్గర ఊరు, ఆర్యభటుడి పేరుతో ముడిపెట్టి చెబుతారు, దాన్ని అప్పట్లో పేపర్లన్నీ ఆకాశానికెత్తాయి. దేశమంతా అక్కడికే పోయింది. నేనూ పోయాను. జూలై నెలలో గంగా మైదానం, వానాకాలం. తెల్లారి ఆరున్నరకు ముందు చీకటి పడింది, మళ్లీ తెల్లారింది. మధ్యలో తల పైకెత్తి చూస్తే నల్లటి మబ్బు తప్ప ఏమీ లేదు. వారణాసిలో ఉన్నవాళ్లకు మబ్బు పలచబడి కనిపించింది. గ్రహణం ఒకటే, చూసింది మాత్రం వాళ్లు.

తమాషా ఏంటంటే 2027 గ్రహణం ఆ 2009 గ్రహణానికి సొంత బంధువు. సూర్య చంద్ర భూముల అమరిక దాదాపు 18 ఏళ్ల 11 రోజుల 8 గంటలకు ఒకసారి అదే తీరుగా మళ్లీ వస్తుంది, దీన్ని సారోస్ చక్రం అంటారు. ఆ మిగిలిన ఎనిమిది గంటల్లో భూమి మూడో వంతు తిరిగిపోతుంది కాబట్టి కొత్త గ్రహణం పడమటి వైపు జరిగి పడుతుంది. 2009లో ఆసియా, ఇప్పుడు ఆఫ్రికా. ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి బ్రిటిష్ శాస్త్రవేత్త ఎడింగ్టన్ వాడుకున్న 1919 గ్రహణం కూడా ఈ వరుసలోదే. ఈ వరుసలో చంద్రుడు భూమికి దగ్గరగా ఉంటాడు. జూలై మొదట్లో భూమి సూర్యుడికి అన్నిటికన్నా దూరంగా పోతుంది, ఆగస్టు మొదట్లో ఆ దూరం ఇంకా పెద్దగా తగ్గదు. అంటే చంద్రుడు పెద్దగా, సూర్యుడు చిన్నగా కనిపిస్తారు. అందుకే లక్సర్ దగ్గర ఆరు నిమిషాల 20 సెకన్ల దాకా నిలుస్తుంది. 1995 అక్టోబర్ 24న, దీపావళి మర్నాడు, రాజస్థాన్‌లోని నీమ్ కా థానాలో సంపూర్ణ దశ నిమిషం కూడా లేదు. దానికోసం మేం ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ దాకా, అక్కడి నుంచి బస్సులో పోయాం. ఆ నిమిషం లోపుదే ఈ పిచ్చి పట్టించింది, ఆరు నిమిషాలంటే మీరే ఊహించుకోండి.

మబ్బు సంగతికి వస్తే, లక్సర్‌లో ఆగస్టు నెలలో వాన మాటే లేదు, మబ్బు దాదాపు ఉండదు. జే ఆండర్సన్ అని కెనడా వాతావరణ శాస్త్రవేత్త ప్రతి గ్రహణానికీ ఏ ఊళ్లో ఎంత మబ్బు పడుతుందో పాత ఉపగ్రహ చిత్రాలు చూసి లెక్కకడతాడు. గ్రహణ యాత్రికులకు ఆయన మాటే పంచాంగం. ఈసారి మార్గంలో ఈజిప్టు ఎడారి భాగాన్ని మించిన చోటు లేదు. దుమ్ము రేగే అవకాశం ఒకటుంది, అంతే.

ఇంత మంచి ఆకాశానికి ఆ నేల వసూలు చేసేది ఎండ రూపంలో. ఆగస్టులో లక్సర్ మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది. మన మిర్యాలగూడ మే నెల తెలిసినవాళ్లకు కొత్త కాదు, కానీ మే నెల మధ్యాహ్నం మనం బయట నిలబడం కదా. అక్కడ నిలబడాలి. పైగా సంపూర్ణ దశ ఈజిప్టు వేసవి గడియారం ప్రకారం ఒంటిగంట దాటిన కొద్దిసేపటికే. మన దగ్గర అప్పుడు మూడున్నర. సూర్యుడు అప్పుడు సుమారు 82 డిగ్రీల ఎత్తులో, అంటే దాదాపు నడినెత్తిన ఉంటాడు.

ఈ 82 డిగ్రీల సంగతి ఎవరూ చెప్పరు. కుర్చీలో కూర్చుని చూడలేరు. మెడ పైకెత్తి ఆరు నిమిషాలు ఉంటే నాన్నగారికి కళ్లు తిరుగుతాయి. అందుకే చాప, చిన్న దిండు తీసుకుపొండి. వెల్లకిలా పడుకుని చూడటం అన్నిటికన్నా సుఖం. హోటల్‌లో వెనక్కి వాలే కుర్చీలు ఉంటాయా, స్విమ్మింగ్ పూల్ దగ్గర ఉండేవి, అని బుక్ చేసేముందే అడగండి. మామూలు ట్రైపాడ్ మీద కెమెరాను నిట్టనిలువుగా పైకి తిప్పితే చాలా వాటికి తల పట్టేస్తుంది. తీసుకెళ్లేవాళ్లు ఇంటి డాబా మీద మధ్యాహ్నం ఒకసారి బిగించి చూసుకోండి.

నాన్నగారి విషయంలో నా సలహా ఇది. పాక్షిక దశ సంపూర్ణానికి ముందు గంట పైన సాగుతుంది. ఆ సేపంతా ఎండలో ఉండాల్సిన పని లేదు. ఆయన్ని నీడలో, వీలైతే ఏసీ గదిలో కూర్చోబెట్టండి. పావుగంటకోసారి బయటకు వచ్చి కళ్లద్దాలతో ఒక చూపు చూసి పోతే చాలు. చివరి పది నిమిషాలకు బయటకు తీసుకురండి. అప్పటికి ఎండ చురుకు తగ్గిపోయి ఉంటుంది. భోజనం వేళ అది, మాత్ర వేసుకుని తినకుండా చూస్తూ కూర్చుంటే షుగర్ పడిపోతుంది. పన్నెండులోపే తినిపించండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, తడి తువ్వాలు, గొడుగు. బీపీ మాత్రల్లో నీరు పోయేవి ఉంటే ఆ ఎండకు మోతాదు మార్చాలా అని మీ డాక్టర్‌ను అడిగి వెళ్లండి. ఇన్సులిన్ అయితే చల్లగా ఉంచే పర్సు, ఇంగ్లీషులో డాక్టర్ చీటీ, రెండూ చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్ బ్యాగులో కాదు.

ఇందుకే హోటల్‌ను చూసే చోటుగా కూడా పెట్టుకోమంటున్నాను. లక్సర్‌లోని కర్నాక్ గుడి స్తంభాల మధ్య, రాజుల లోయలో చూడాలని అందరికీ ఉంటుంది. ఫొటోకు బాగుంటుంది. కానీ ఆ రోజు అక్కడ జనం, పోలీసులు, మూసేసిన రోడ్లు, మూత్రానికి పోవడానికి చోటు లేకపోవడం. మేడ మీద ఖాళీ జాగా, పక్కన గది, చల్లటి నీళ్లు ఉన్న మామూలు హోటల్ ఉంటే గుడి కన్నా అదే మేలు. గుళ్లు ముందురోజో తర్వాతో పొద్దున్నే చూసుకోవచ్చు.

సరిగ్గా మధ్యగీత మీదే ఉండాలని కూడా పట్టు పట్టకండి. నీడ గుండ్రంగా ఉంటుంది కాబట్టి మధ్య నుంచి అంచుకు సగం దూరం జరిగినా సమయం సగానికి పడిపోదు. అరవై కిలోమీటర్లు పక్కకు పోయినా ఐదున్నర నిమిషాలు దక్కుతాయి. లక్సర్‌లో రూము దొరకకపోతే కెనా లేదా సోహాగ్ వైపు చూడొచ్చు. పర్యాటకుల ఊళ్లు కావు కాబట్టి సౌకర్యాలు తక్కువ. కానీ మార్గం లోపలే.

ఇక క్రమం. ముందు రూము, తర్వాత విమానం. గ్రహణం తేదీలకు లక్సర్ హోటళ్లు మామూలు ధరకు కొన్ని రెట్లు చెబుతున్నాయి, పెద్ద గ్రూపులు ముందే పట్టుకుంటాయి. క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కి వచ్చే రకం బుకింగ్ దొరికితే ఇవాళే చేసేయండి. విమాన టికెట్లు సాధారణంగా ప్రయాణానికి పదకొండు నెలల ముందు నుంచే అమ్మకానికి పెడతారు. శంషాబాద్ నుంచి దుబాయ్, దోహా, అబుదాబి లాంటి చోట్ల మారి కైరో చేరొచ్చు. కైరో నుంచి లక్సర్‌కు విమానంలో గంట, రైల్లో దాదాపు పది గంటలు. జూలై 31 సాయంత్రానికల్లా లక్సర్‌లో ఉండండి. మధ్యలో ఒక విమానం తప్పినా ఒక రోజు చేతిలో ఉంటుంది. తిరుగు ప్రయాణం ఆగస్టు 2 సాయంత్రమే పెట్టుకోవద్దు. చిన్న ఎయిర్‌పోర్టు, అందరూ ఒకేసారి పరుగెత్తుతారు. మూడో నాలుగో తేదీన నిదానంగా బయలుదేరండి. కైరో పిరమిడ్లు చివర్లో పెట్టుకుంటే మీ ఏజెంటు చెప్పిందీ నెరవేరుతుంది.

ఆగస్టు 2 సోమవారం, ఆషాఢ అమావాస్య. ముందురోజు ఆషాఢ ఆదివారం. బోనాలు చూసుకుని రాత్రికి విమానం ఎక్కుదాం అనుకునేవాళ్లుంటారు, ఆ లెక్క కుదరదు. పాప బడికి వారం సెలవు పెట్టాల్సిందే.

పాస్‌పోర్టులు ఈ నెలలోనే తీసి చూడండి. తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం ఆరు నెలల గడువు మిగలాలి. నాన్నగారికి అసలు లేకపోతే నల్గొండ, మహబూబ్‌నగర్ పోస్టాఫీసుల్లోనే పాస్‌పోర్టు కేంద్రాలున్నాయి, సికింద్రాబాద్ దాకా పోనక్కర్లేదు. మనవాళ్లతో వచ్చే చిక్కు ఇంటిపేరు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాన్‌లో పూర్తిగా, ఓటరు కార్డులో అసలు లేకుండా ఉంటుంది. పుట్టిన తేదీ పెద్దవాళ్లకు ఒక్కో కార్డులో ఒక్కోటి. దరఖాస్తు చేసేముందే అవన్నీ ఒక తీరుకు తెచ్చుకోండి, దానికే నెలలు పడుతుంది. వీసా నియమాలు మారుతుంటాయి కాబట్టి ఏజెంటు మాట కాకుండా ఈజిప్టు ఎంబసీ సైటు చూసి, టికెట్ కొనేముందే తేల్చుకోండి. ఆ ప్రాంతం పరిస్థితి గురించి మన విదేశాంగ శాఖ సూచనలు కూడా.

తిండికి భయపడొద్దు. కోషరీ అని బియ్యం, పప్పు, మాకరోనీ కలిపి పైన వేయించిన ఉల్లిపాయ వేస్తారు, పూర్తి శాకాహారం, ప్రతి సందులో దొరుకుతుంది. ఉడికించిన బాకలా (ఒక రకం చిక్కుడు) గింజలతో చేసే ఫూల్ అనే కూర, గుండ్రటి రొట్టె పొద్దున్నే తింటారు. సకినాలు, పచ్చడి డబ్బా మీ సంచిలో ఎలాగూ ఉంటాయి.

జెద్దాలో మీకు గాని, తెలిసినవాళ్లకు గాని బంధువులు ఉంటే అదీ మంచి దారి. అక్కడ కూడా ఆరు నిమిషాల దగ్గర దక్కుతుంది. మక్కాలో ఐదు నిమిషాల పైన. పాలమూరులో మా ముస్లిం మిత్రులు ఒకరిద్దరు ఆ సమయానికి ఉమ్రా పెట్టుకోవాలని చూస్తున్నారు. గ్రహణ సమయంలో చేసే ప్రత్యేక నమాజు వాళ్లకు ఉంది, దాన్ని కాబా ముందు, ఆ చీకటిలో చేయడమంటే వాళ్ల ఆనందం నాకు అర్థమవుతుంది. మక్కాలోకి ముస్లింలు కానివాళ్లకు ప్రవేశం లేదు కాబట్టి మిగతావాళ్లకు జెద్దాయే. సముద్రపు తేమతో ఉక్కపోత మాత్రం లక్సర్ కన్నా దారుణం.

కళ్లద్దాల గురించి గట్టిగా చెప్పాలి. ఐఎస్ఓ 12312-2 అని రాసి ఉన్న గ్రహణ కళ్లద్దాలే వాడండి, మనిషికి రెండు చొప్పున కొనండి. పెట్టుకుని ఇంట్లో చూస్తే ఏమీ కనబడకూడదు, బయట సూర్యుడొక్కడే కనబడాలి. గీతలు పడితే, చిల్లు పడితే పారేయండి. ఎక్స్‌రే ఫిల్ములు, పొగపట్టిన గాజు, మామూలు నల్ల కళ్లద్దాలు పనికిరావు. పళ్లెంలో పసుపునీళ్లు పోసి అందులో చూసేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు, అందులో కనిపించేదీ సూర్యుడే, కంటికి దెబ్బే. పాపకు కళ్లద్దాల వెనక సాగే రబ్బరు కట్టండి, పిల్లలు ఊరికే తీసేస్తుంటారు.

కళ్లద్దాలు ఎప్పుడు తీయాలన్నది చాలామందికి తెలియదు. కొందరు సంపూర్ణ దశలో కూడా పెట్టుకునే ఉండి, ఏమీ కనబడలేదని వెనక్కి వస్తారు. అక్షరాలా ఇలా జరిగింది, నేను చూశాను. సూర్యుడు సన్నటి గీతై, ఆ గీత ముక్కలై, చివరికి ఒకే ఒక్క మెరుపు మిగులుతుంది. దాన్నే వజ్రపుటుంగరం అంటారు. ఆ మెరుపు ఆరిన క్షణాన కళ్లద్దాలు తీసేయాలి. అప్పటి నుంచి ఆరు నిమిషాలు ఉత్త కళ్లతో చూడొచ్చు, చూడాలి. రెండో వైపు మళ్లీ మెరుపు పుట్టగానే పెట్టేసుకోవాలి.

దానికి ముందు పావుగంటలో పైకి చూడటం తగ్గించి కింద చూడండి. ఇంట్లో పిండి జల్లెడ ఒకటి పట్టుకుపొండి. మా చెల్లెలు వాళ్ల ఇంటి వెనక, డాలస్‌లో, తెల్ల చార్టు మీద జల్లెడ పట్టుకుంటే ఒక్కో చిల్లు కింద ఒక్కో నెలవంక పడింది, వందల నెలవంకలు, జల్లెడ కదిపితే అన్నీ కలిసి కదిలాయి. పిల్లలు ఆకాశాన్ని మరిచిపోయి దానితోనే ఆడుకున్నారు. సూర్యుడు సన్నబడేకొద్దీ నీడల అంచులు ఒక వైపు పదునెక్కుతాయి. చేయి చాపి చూస్తే వెంట్రుకల నీడ విడివిడిగా తెలుస్తుంది. వెలుగు రంగు మారుతుంది, సాయంత్రపు పసుపు కాదు, సీసం రంగు. చివరి నిమిషంలో తెల్ల దుప్పటి నేల మీద పరిచి ఉంచితే సన్నటి నీడ చారలు దాని మీద జరజరా పారడం కనిపించవచ్చు. ఒక్కోసారి కనిపించవు. పడమటి వైపు దిగంతం చూస్తుంటే చీకటి మన మీదికి రావడం తెలుస్తుంది.

ఆ ఆరు నిమిషాలు ఫొటోలకు ఇవ్వకండి. కరోనా ఫొటోలు మనకన్నా మంచి కెమెరాలున్నవాళ్లు వేలల్లో తీస్తారు, ఆ రాత్రికే ఫోన్‌లోకి వస్తాయి. మీరు చేయాల్సిందల్లా ఒక ఫోన్‌ను ఆకాశం వైపు కాకుండా మీ నలుగురి వైపు తిప్పి, పది నిమిషాల ముందే వీడియో నొక్కి వదిలేయడం. నాన్నగారు ఏమన్నారో, పాప ఎలా అరిచిందో అందులో ఉంటుంది. బైనాక్యులర్ ఉంటే మధ్య నిమిషాల్లో దాంతో కరోనా చూడండి. అంచున గులాబీ రంగు మంటలు కనబడతాయి. కానీ ఐదో నిమిషానికి ఫోన్‌లో అలారం పెట్టి, అది మోగగానే బైనాక్యులర్ దించేయాలి. సూర్యుడు మళ్లీ బయటపడేటప్పుడు అందులోంచి చూస్తే కన్ను పోతుంది. మధ్యలో ఒకసారి చుట్టూ కూడా తిరిగి చూడండి, నాలుగు దిక్కులా ఒకేసారి సంధ్య వెలుగు ఉంటుంది.

అమ్మగారి సంగతి. ఆమెను ఎగతాళి చేయకండి. జనవిజ్ఞాన వేదిక వాళ్లు గ్రహణం పూట నలుగురి ముందు తిని చూపిస్తుంటారు, అది వీధిలో బాగుంటుంది, ఇంట్లో అమ్మతో అలా కాదు. ఆమెకు ఒక పాత సంగతి చెప్పండి. 1980 ఫిబ్రవరి 16, శనివారం మధ్యాహ్నం, సంపూర్ణ గ్రహణం మన మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల మీదుగానే నడిచింది. ఆమెకు గుర్తుండే ఉంటుంది. బస్సుల్లో మనుషుల్లేరు, బజార్లు మూసేశారు, ఇళ్ల తలుపులు, కిటికీలు బిగించారు, పచ్చడి జాడీల మీద గరిక వేశారు, పళ్లెంలో రోకలి నిలబెట్టారు. మా ఇంట్లోనూ అంతే. అదే రోజు ఇబ్రహీంపట్నం దగ్గర జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా యూనివర్సిటీ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు టెలిస్కోపులు పెట్టుకుని కూర్చున్నారు. అమెరికాలోని హై ఆల్టిట్యూడ్ అబ్జర్వేటరీ వాళ్లు సామాన్లు మోసుకుని పాలమూరు జిల్లా పాలెం దాకా వచ్చారు. ఆ సంవత్సరం సూర్యుడు మంచి జోరు మీదున్నాడు, కరోనా అన్ని వైపులా పువ్వుల రెక్కలై విచ్చుకుంది. పాలెంలో తీసిన ఆ ఫొటో ఇప్పటికీ సౌరశాస్త్రం పాఠాల్లో కనిపిస్తుంది. మన ఊరి ఆకాశంలో జరిగిందాన్ని మనం తప్ప అందరూ చూశారు. బయటికొచ్చి చూసిన వాళ్లెవరికీ ఏమీ కాలేదు.

పిచ్చితనమా అని అడిగారు కదా. 1868 ఆగస్టు 18 గ్రహణానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త ఓడెక్కి గుంటూరు వచ్చాడు, అలాంటి కొద్ది నిమిషాల కోసమే. ఆ గ్రహణంలో సూర్యుడి అంచు మంటల వెలుగును విడదీసి చూస్తేనే ఒక కొత్త పసుపు గీత దొరికింది, హీలియం అనే మూలకం సంగతి అలా బయటపడింది. మనకు అంత పని లేదనుకోండి. కానీ మనిషి బాగా ఆలోచించి ఖర్చుపెట్టే చోట్లలో ఇదీ ఒకటని నా నమ్మకం. అప్పు చేసి మాత్రం వెళ్లకండి.

డబ్బు కుదరకపోతే వేరే దారులున్నాయి. 2028 జూలై 22న ఆస్ట్రేలియాలో సిడ్నీ మీదుగా సంపూర్ణ గ్రహణం ఉంది, అక్కడ అది చలికాలం, తీరంలో మబ్బు భయం ఎక్కువ. 2031 మే 21న కేరళ, దక్షిణ తమిళనాడు మీదుగా వలయ గ్రహణం వస్తుంది. అందులో ఉంగరం కనిపిస్తుంది గాని కరోనా కనబడదు, మొదటి నుంచి చివరి దాకా కళ్లద్దాలు తీయకూడదు. కానీ రైలు టికెట్ డబ్బులతో పోయి రావచ్చు, పాపకు మంచి అనుభవం. 2034 మార్చి 20న సంపూర్ణ గ్రహణం మన దేశపు ఉత్తర కొసన, కశ్మీర్, లడాఖ్ వైపు సాయంత్రం వేళ తాకుతుంది. కొండలు అడ్డు, సరిహద్దు ప్రాంతం. ఇప్పటి నుంచే దానిమీద ఆశ పెట్టుకోమనను. ఇక 2027 ఆగస్టు 2న మిర్యాలగూడలోనే ఉండిపోతే సాయంత్రం వేళ సూర్యుడి అంచున చిన్న ముక్క మాత్రం తగ్గుతుంది, అదీ వానాకాలం మబ్బు దయతలిస్తే.

పాప గురించి మీరు విడిగా అడగలేదు గానీ, ఏడేళ్ల పిల్లకు ఆ చీకటి భయం వేస్తుంది. చుట్టూ పెద్దవాళ్లు అరుస్తారు, ఏడుస్తారు, పక్షులు గూళ్లకు పోతాయి. వారం ముందు నుంచే ఒక బంతి, ఒక టార్చిలైటు పెట్టి చీకటి గదిలో ఆడించండి, ఆరు నిమిషాలు ఎంతసేపో గడియారం పెట్టి చూపించండి. ఆ రోజు ఆమె చేయి మీ ఇద్దరిలో ఒకరు పట్టుకునే ఉండండి. ఎవరు పట్టుకోవాలో లక్సర్‌లో కాదు, ఇంట్లోనే తేల్చుకోండి. లేకపోతే అక్కడ ఆ సమయానికి ఇద్దరూ పైకే చూస్తుంటారు.